రోజంతా కుర్చీలోనే పని: ఒంట్లో ఏం మారుతోందో కొలిచి చూసుకునే పద్ధతి

కర్నూలులో కలెక్టరేట్ సెక్షన్లలో, బ్యాంకు కౌంటర్లలో, వార్డు సచివాలయాల్లో, మార్కెట్ యార్డు కమీషన్ దుకాణాల్లో కూర్చుని పనిచేసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "నడుము నొప్పికి ఏ కుర్చీ కొనాలి?"

కుర్చీ సంగతి తర్వాత చూద్దాం. నొప్పి ఎక్కడుందో మీకు తెలుస్తూనే ఉంది. తెలియకుండా పెరిగేవి బీపీ, షుగర్, పొట్ట చుట్టుకొలత. అవి నొప్పి పెట్టవు కాబట్టి కొలిస్తే తప్ప బయటపడవు. ఎలా కొలవాలి, ఎప్పుడు కొలవాలి, వచ్చిన అంకెను ఎలా చదువుకోవాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను. మొత్తం 12 వారాల పని.

ఇది సొంత వైద్యం కాదు. బీపీకో షుగర్‌కో మాత్రలు వాడుతున్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ముందు తమ డాక్టర్‌తో ఒక మాట చెప్పి మొదలుపెట్టాలి. అంకెలు బాగున్నాయని ఎవరికి వారు మాత్రలు ఆపేయకూడదు.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- దర్జీ దగ్గర ఉండే మెత్తని టేపు. సాగిపోయిన పాతది వద్దు.
- దండకు (భుజానికీ మోచేతికీ మధ్య భాగానికి) పట్టీ కట్టే డిజిటల్ బీపీ మెషిన్. మణికట్టుకు కట్టేది వద్దు, చేయి కాస్త కిందికో పైకో ఉన్నా అంకె మారిపోతుంది.
- రూళ్ల నోటు పుస్తకం, పెన్ను. ఫోన్ యాప్ ఉన్నా పుస్తకం ఉండాలి.
- వీలైతే గత ఏడాది చేయించిన రక్త పరీక్షల కాగితాలు.

బీపీ మెషిన్ కొనేముందు మీ దండ మధ్యలో చుట్టుకొలత చూసుకోండి. మామూలు పట్టీలు చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల దండకు సరిపోతాయి, పెట్టె మీద రాసి ఉంటుంది. లావు దండకు చిన్న పట్టీ కడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది. అలాంటివాళ్లు పెద్ద పట్టీ అడిగి తీసుకోవాలి.

మెషిన్ కొనలేకపోతే దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు.

2. మొదటి వారం: ఏమీ మార్చకండి, రాయండి చాలు

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. సోమవారం పుస్తకం తెరుస్తారు, ఆ రోజే వాకింగ్ మొదలుపెట్టి అన్నం తగ్గిస్తారు. నెల తర్వాత ఏది ఎంత మారిందో చెప్పలేరు. అందుకే మొదటి వారం మీ మామూలు జీవితమే సాగాలి. ఐదు పనిరోజులు, ఒక సెలవు రోజు రాయండి.

రాయడం ఇలా:

- 9:45 – 11:40, కుర్చీలో (1 గం. 55 ని.), టీ కోసం లేచాను
- 11:50 – 1:35, కుర్చీలో (1 గం. 45 ని.), అన్నానికి లేచాను
- 2:10 – 4:50, కుర్చీలో (2 గం. 40 ని.), మీటింగ్‌కు వెళ్లాను

రాత్రి పడుకునే ముందు మూడు అంకెలు తేల్చండి: మొత్తం ఎన్ని గంటలు కూర్చున్నారు, ఒక్క బిగిన అత్యధికంగా ఎంతసేపు కూర్చున్నారు, ఎన్నిసార్లు లేచారు.

మొత్తం అంటే ఆఫీసు ఒక్కటే కాదు. స్కూటర్, అన్నం తినేటప్పుడు కూర్చున్నది, టీవీ, మంచం మీద ఆనుకుని ఫోన్ చూసింది అన్నీ అందులోకే వస్తాయి. నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లు ఆ ప్రయాణం కూడా కలపాలి. వాళ్ల లెక్క చూస్తే ఆఫీసు బయటే మూడు గంటలకు పైగా తేలుతుంది.

ఈ మూడింటిలో నేను ఎక్కువ విలువిచ్చేది రెండో అంకెకు. కూర్చున్నంతసేపూ తొడల్లో, పిక్కల్లో ఉండే పెద్ద కండరాలు దాదాపు ఖాళీగా ఉంటాయి. రక్తంలోని చక్కెరను అవి తక్కువగా వాడుకుంటాయి. పిక్కలు కదలకపోతే కాళ్ల నుంచి రక్తం పైకి వెళ్లడమూ మందగిస్తుంది. మధ్యలో లేస్తే ఈ రెండూ కాస్త గాడిన పడతాయి. అందుకే ఎనిమిది గంటలు కూర్చున్న ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు, ఎవరు ఎన్నిసార్లు లేచారన్నది చూడాలి.

ఈ వారంలో జరిగే పొరపాట్లు:

- రాత్రి గుర్తు చేసుకుని రాయడం. మనకు లేచినవి గుర్తుంటాయి, కూర్చున్నవి ఉండవు. లేచినప్పుడే టైం రాసేయండి.
- ఫోన్‌లో అడుగుల లెక్క చూసి తృప్తి పడటం. ఫోన్ టేబుల్ మీద వదిలి తిరిగితే తక్కువ చూపిస్తుంది, జేబులో పెట్టుకుంటే పొద్దున వాకింగ్ ఒక్కటే రోజంతటి లెక్కను నింపేస్తుంది. ఒక్క బిగిన ఎంతసేపు కూర్చున్నారో ఆ లెక్కలో కనపడదు.
- నెలాఖరు, ఆడిట్, పండగ వారాన్ని ఎంచుకోవడం. మామూలు వారం తీసుకోండి.

3. పొట్ట చుట్టుకొలత

ప్యాంటు సైజు నమ్మకండి. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు కిందికి జారి అదే సైజులో ఇరుక్కుంటుంది. లంగా నాడా కూడా అంతే, ఒక్కోరోజు ఒక్కోచోట కడతాం.

1) పొద్దున, కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు కొలవండి.
2) పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిటారుగా నిలబడండి. టేపు ఒంటికే తగలాలి, బట్ట మీద కాదు.
3) పక్కన వేలితో తడిమితే చివరి పక్కటెముక తెలుస్తుంది, దాని కింద తుంటి ఎముక పైఅంచు తెలుస్తుంది. రెండింటి మధ్యభాగంలో టేపు చుట్టండి. బొడ్డును గుర్తుగా పెట్టుకోవద్దు, పొట్ట జారితే బొడ్డూ జారుతుంది.
4) టేపు చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో అద్దంలో చూసుకోండి.
5) మామూలుగా ఊపిరి వదిలాక అంకె చదవండి. పొట్ట లోపలికి లాక్కోవద్దు.
6) రెండుసార్లు కొలిచి సగటు రాయండి. రెండింటి మధ్య సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా ఉంటే మూడోసారి కొలవండి.

మన దేశపు ఒడ్డుపొడుగుకు పెట్టిన హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. అంగుళాల్లో చూస్తే సుమారు 35½, 31½. ఇది దాటితే బరువు మామూలుగానే ఉన్నా షుగర్, బీపీ పరీక్ష వాయిదా వేయకూడదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చినవాళ్లు "నేను లావు కాదు కదా" అని తప్పించుకునేది ఇక్కడే.

రెండు వారాలకోసారి కొలిస్తే చాలు. రోజూ కొలిస్తే టెన్షన్ తప్ప లాభం లేదు.

4. బీపీ: ఏడు రోజుల లెక్క

మెడికల్ షాపులో నిలబడి, మాట్లాడుతూ, మూడో అంతస్తు మెట్లు దిగివచ్చిన ఊపులో చూపించుకున్న బీపీకి పెద్ద విలువ లేదు. ఎక్కువొచ్చినా అంతే, తక్కువొచ్చినా అంతే. ఇంట్లో ఏడు రోజులు పద్ధతిగా చూసిన సగటు దానికంటే ఎన్నో రెట్లు నమ్మదగ్గది.

చూసుకునే ముందు:

- అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు.
- మూత్రానికి వెళ్లి రండి.
- కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలి మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మంచం అంచున కూర్చుంటే వీపుకు ఆసరా ఉండదు.
- చేయి టేబుల్ మీద ఆనాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చొక్కా చేయి మీద కట్టవద్దు, బిగుతుగా పైకి మడిచి కూడా కట్టవద్దు.
- మాట్లాడవద్దు, ఫోన్ చూడవద్దు.

మొదటి రోజు రెండు చేతులకూ చూడండి. ఎక్కువ చూపించిన చేతికే మిగతా రోజులంతా చూడాలి. రెండు చేతుల మధ్య ప్రతిసారీ 10 కంటే ఎక్కువ తేడా వస్తుంటే డాక్టర్‌కు చెప్పాలి.

పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూడండి. రెండు రీడింగుల మధ్య ఒక నిమిషం ఆగాలి. మాత్రలు వాడేవాళ్లు పొద్దున మాత్ర వేసుకోకముందే చూసుకోవాలి. ఏడు రోజులయ్యాక మొదటి రోజు అంకెలు కొట్టేసి, మిగిలిన 24 రీడింగుల సగటు తీయండి. పై అంకెలకు ఒక సగటు, కింది అంకెలకు ఒకటి.

ఇంట్లో చూసిన సగటు 135/85 లేదా అంతకుమించి ఉంటే డాక్టర్‌ను కలవాలి. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా అంతే. ఆసుపత్రిలో చూసే బీపీకి ఈ హద్దు 140/90. రెంటినీ కలగలిపి చదవకండి.

180/120 దాటిన అంకె కనిపిస్తే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అప్పుడూ అలాగే ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఒకవైపు చేయి కాలు బలహీనపడటం ఉంటే మళ్లీ చూడటాలు లేవు, 108కి ఫోన్ చేయాలి.

నచ్చని అంకె వస్తే మంచి అంకె వచ్చేదాకా మళ్లీ మళ్లీ చూసి, ఆ చివరిది రాసుకునేవాళ్లు ఉన్నారు. వచ్చిన మొదటి రెండూ రాయండి, అంతే.

5. రక్త పరీక్షలు

మొదట్లో ఒకసారి చాలు: పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత కొన్ని నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష), కొవ్వుల పరీక్ష. పరగడుపు అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. నీళ్లు తాగవచ్చు, "చక్కెర లేని టీ" తాగకూడదు.

- పరగడుపు షుగర్: 100 లోపు మామూలు. 100 నుంచి 125 వరకు హెచ్చరిక. 126, ఆపైన షుగర్ జబ్బు అని అనుమానించాలి.
- హెచ్‌బీఏ1సీ: 5.7 లోపు మామూలు. 5.7 నుంచి 6.4 వరకు హెచ్చరిక. 6.5, ఆపైన జబ్బు పరిధి.
- ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 150 లోపు ఉండాలి. మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కంటే తగ్గకూడదు.

ఎలాంటి లక్షణాలూ లేనప్పుడు ఒక్క రిపోర్టు చూసి జబ్బు ఖాయం చేయరు, మళ్లీ పరీక్షించే తేలుస్తారు. రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. హిమోగ్లోబిన్ తక్కువున్న ఆడవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటును చెబుతుంది. నెలకే మళ్లీ చేయించి "తగ్గలేదు" అని దిగులు పడటం డబ్బు దండగ.

6. కాళ్లు, నడుము, మెడ, కళ్లు: వారానికి ఒక సాయంత్రం

శనివారం సాయంత్రం పని దిగాక పది నిమిషాలు కేటాయించండి.

- మెడ, భుజాలు, నడుము, మణికట్టు: ఒక్కోదానికీ నొప్పి 0 నుంచి 10లో ఎంతో వేయండి. నొప్పిని రోజూ రాస్తే ధ్యాసంతా దాని మీదే ఉంటుంది, వారానికోసారి మేలు.
- తిమ్మిరి ఏ వేళ్లలో, ఎంతసేపు ఉంది.
- పాదాల వాపు: ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలండి. గుంట మిగులుతోందా? రెండు కాళ్లలోనా, ఒక్కదాంట్లోనా?
- కళ్లు మండటం, ఎండినట్టు ఉండటం, తలనొప్పి ఎన్ని రోజులు వచ్చాయి.
- నిద్ర ఎలా ఉంది. ఒక్క మాట చాలు.

నెలకోసారి కాళ్ల సత్తువ చూసుకోండి. చక్రాలు లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కవాళ్లతో పోల్చవద్దు, మీ పోయిన నెల అంకెతోనే పోల్చండి. మోకాళ్ల నొప్పి, తల తిరగడం ఉన్నవాళ్లు ఇది వదిలేయండి.

7. ఆగకూడని గుర్తులు

ఇవి కనిపిస్తే పుస్తకం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

- ఒక్క కాలి పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం. మోకాలి చిప్ప కింద ఉండే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి రెండు పిక్కలూ కొలవండి. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టిందేమో అదే రోజు చూపించాలి. తేడా తక్కువున్నా వాపు, నొప్పి కొత్తగా వచ్చాయంటే చూపించాల్సిందే. నూనె రాసి మర్దన చేయించకండి.
- ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం. 108.
- నడుము నొప్పితోపాటు కూర్చునే చోట తొడల మధ్య స్పర్శ తగ్గడం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, కాలు బలం తగ్గడం.
- రాత్రి పడుకున్నా తగ్గని నడుము నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం.

8. రెండో వారం నుంచి: మార్చేది ఒక్కటే

ఒక్క బిగిన కూర్చునే సమయాన్ని ముక్కలు చేయండి. మొదటి నాలుగు వారాలు ఇంకేదీ ముట్టుకోవద్దు.

అరగంటకోసారి లేవడం చివరి లక్ష్యం. 2 గంటల 40 నిమిషాలకు అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా అరగంటకు రాలేడు. ముందు గంటకు, తర్వాత 45 నిమిషాలకు, ఆపైన అరగంటకు దించండి. లేచిన ప్రతిసారీ రెండు నుంచి ఐదు నిమిషాలు నడవాలి. 2023లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 11 మందితో చేసిన ఒక చిన్న పరిశీలనలో, అరగంటకోసారి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిస్తే భోజనం తర్వాత షుగర్ పైకెగయడం బాగా తగ్గింది, బీపీ కూడా నాలుగైదు పాయింట్లు దిగింది. మనుషులు తక్కువ కాబట్టి దాన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు, దారి మాత్రం తెలుస్తుంది.

అలారం పెట్టుకుంటే వారం వరకు పనిచేస్తుంది, తర్వాత చెవికి ఎక్కదు. పనికే ముడిపెట్టండి:

- పెద్ద బాటిల్ టేబుల్ మీద పెట్టుకోకుండా గ్లాసుతో వెళ్లి నీళ్లు తాగిరండి.
- పక్క సెక్షన్‌కు ఫోన్ చేయకుండా నడిచి వెళ్లండి. మీకొచ్చిన ఫోన్లు నిలబడి మాట్లాడండి.
- పది దరఖాస్తులకో, ఒక ఫైలుకో ఒకసారి లేవండి.
- సర్వర్ ఆగినప్పుడల్లా లేవండి. సచివాలయాల్లో పనిచేసేవాళ్లకు ఈ ఒక్క నియమం చాలేమో!

కౌంటర్ వదలలేని క్యాషియర్లు నోట్లు లెక్కపెట్టేటప్పుడు నిలబడవచ్చు, నిలబడే మడమలు ఇరవైసార్లు పైకెత్తి దించవచ్చు. నడిచినంత లాభం ఉండదు, పిక్కలైతే కదులుతాయి. బట్టల కొట్లో, బంగారం పనిలో పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు "మేం కుర్చీలో కూర్చోం కదా" అంటారు. నేల మీద కూర్చున్నా కూర్చున్నట్టే, లెక్కలో రాయాల్సిందే.

మధ్యాహ్నం అన్నం తిన్నాక పది నిమిషాలు తప్పకుండా నడవండి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండలో ఆ వేళ బయట తిరగమని ఎవరూ చెప్పరు. వరండా, మెట్లు, కారిడార్ చాలు.

ఆడ ఉద్యోగులు చాలాచోట్ల ఆఫీసులో టాయిలెట్ సరిగా లేక నీళ్లు తాగడమే మానేస్తారు. నీళ్లు తాగకపోతే లేవాల్సిన పనీ తగ్గుతుంది. వాళ్లకు జాగ్రత్తలు చెప్పడం కంటే అధికారి టాయిలెట్ బాగు చేయించడం ముఖ్యం. వారపు లెక్కలో "లేచిన సార్లు" మరీ తక్కువుంటే కారణం ఇదేనేమో చూసుకుని రాయండి.

"పొద్దున స్టేడియంలో అరగంట నడుస్తాను, చాలదా?" మంచిదే, మానవద్దు. వారానికి కనీసం 150 నిమిషాల నడక అవసరమే. అయితే అరగంట నడక ఎనిమిది గంటల కూర్చోవడాన్ని పూర్తిగా కొట్టేయదు. పది లక్షల మందికి పైగా సమాచారం కలిపి 2016లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజంతా కూర్చోవడం వల్ల పెరిగే అకాల మరణం ముప్పు తొలగిపోవాలంటే రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలి. అంత తీరిక లేనివాళ్లకు మధ్యమధ్యలో లేవడమే దారి.

అలాగని రోజంతా నిలబడమని కాదు. బట్టల షోరూముల్లో రోజంతా నిలబడే అమ్మాయిల కాళ్లు చూడండి, నరాలు ఉబ్బి ఉంటాయి. అటూ ఇటూ మారుతుండటమే కావాలి.

ఇప్పుడు కుర్చీ. పాదాలు నేలకు ఆనాలి, నడుముకు ఆసరా ఉండాలి, స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తులో, చేతి దూరంలో ఉండాలి. పాదాలు అందకపోతే ఒక పీట వేసుకోండి. మడత పెట్టిన తువ్వాలు నడుము వెనక పెట్టుకున్నా చాలామందికి సరిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడండి. ఇవన్నీ చేశాక కూడా నొప్పి అంకె తగ్గకపోతే అప్పుడు కొత్త కుర్చీ గురించి ఆలోచించండి.

9. అంకెలు చదివేటప్పుడు

చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు తేడా టేపు జరగడం వల్ల కూడా రావచ్చు. వరుసగా మూడు కొలతలు ఒకే దిశలో పోతేనే మార్పు అనుకోండి.

రంజాన్ ఉపవాసాలు, పెళ్లిళ్ల వారాలు, జ్వరం వచ్చిన వారం పుస్తకంలో గీత గీసి విడిగా ఉంచండి, మిగతా వాటితో పోల్చకండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉపవాసాలు మొదలుకాకముందే డాక్టర్‌ను కలవాలి.

కూర్చోవడం తగ్గినా బీపీ తగ్గకపోవచ్చు. ఉప్పు, ఊరగాయ, నిద్ర, పొగాకు, ఇంట్లో పెద్దల నుంచి వచ్చినది, వీటన్నిటికీ అందులో వాటా ఉంది. కుర్చీ ఒక్కదాని మీదే నేరం మోపలేం.

ఆఫీసులో అందరూ కలిసి చేస్తుంటే లేవడానికి ఒకరినొకరు గుర్తు చేసుకోవచ్చు. బీపీ, షుగర్ అంకెలు మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు, పై అధికారి అడిగి తీసుకోవద్దు. ఆరోగ్య క్యాంపులో చూసిన బీపీ అంకె ఎక్కువొస్తే భయపడకుండా ఏడు రోజుల లెక్క మొదలుపెట్టండి.

10. ఏది ఎప్పుడు

- 1వ వారం: కూర్చునే లెక్క, చుట్టుకొలత, ఏడు రోజుల బీపీ, రక్త పరీక్షలు
- ప్రతి శనివారం: నొప్పి, వాపు, తిమ్మిరి, కళ్లు
- రెండు వారాలకోసారి: చుట్టుకొలత
- నెలకోసారి: లేచి కూర్చునే పరీక్ష, ఒక రోజు కూర్చునే లెక్క
- 12వ వారం: కూర్చునే లెక్క, ఏడు రోజుల బీపీ మళ్లీ. మొదట హెచ్చరిక పరిధిలో ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ మళ్లీ.

11. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

పెద్దాసుపత్రి ఓపీలోనైనా, ప్రైవేటు క్లినిక్‌లోనైనా డాక్టర్‌కు మీ పుస్తకమంతా తిరగేసే తీరిక ఉండదు. ఒక కాగితం మీద ఇవి రాసి ఇవ్వండి:

- ఏం పని, రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు, ఒక్క బిగిన ఎంతసేపు: అప్పుడు, ఇప్పుడు
- పొట్ట చుట్టుకొలత: మొదటిది, చివరిది
- బీపీ సగటు: 1వ వారం, 12వ వారం
- రక్త పరీక్షల అంకెలు, తేదీలు
- అన్నిటికంటే ఇబ్బంది పెడుతున్న ఒక్క బాధ
- అమ్మానాన్నలకు, తోబుట్టువులకు షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా

బీపీ మెషిన్ కూడా తీసుకెళ్లి, ఆసుపత్రి మెషిన్ పక్కన పెట్టి ఒకసారి సరిచూపించుకోండి. వాడుతున్న మాత్రల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ స్ట్రిప్పులైనా వెంట ఉండాలి.